తిమోతి ప్రార్థనలో నా పేరు

డ్యూటీకి వచ్చాక తిమోతి మొదట చేసే పని ఇంజన్ ఆయిల్ చూడటం కాదు, టైర్లు చూడటం కాదు. ఎర్ర బండి ఎక్కి, డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు మీద నుదురు ఆనించి అరనిమిషం కళ్ళు మూసుకునేవాడు. పెదవులు కదిలేవి, మాట వినబడేది కాదు. ఆ తర్వాతే ఆయిలూ, టైర్లూ, నీళ్ళ ట్యాంకూ.

హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో ఉన్న ఒక ఫైర్ స్టేషన్లో అతడితో పదకొండేళ్ళు పనిచేశాను. నేను వాచ్‌రూమ్ మనిషిని. ఫోనెత్తడం, చిరునామా రాసుకోవడం, బెల్లు కొట్టడం, రిజిస్టర్లు నింపడం నా పని. పేరు పార్థసారథి. పేరులో సారథి ఉన్నాడు గానీ నాకు సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు. మాది రేపల్లె పక్కన పల్లె. మోకాలు దెబ్బతిన్నాక నన్ను మంటల దగ్గరికి పంపడం మానేసి కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీలో కూర్చున్నవాడికి నోరెక్కువ అని మా ఆవిడ పుణ్యవతి అంటుంది. నేను కాదనను.

ఆ నోటితోనే మొదటి రోజుల్లో తిమోతిని ఆటపట్టించాను.

"ఏమండీ తిమోతీ, పొద్దున్నే మీ దేవుణ్ణి ఏమడిగారు? ఇంక్రిమెంటా?"

"గవన్నీ ఆయనకు తెల్వదా సార్. బండి మీద పోయెటోళ్ళ పేర్లు చెప్పిన. మంచిగ ఇంటికి రావాలని. మీ పేరు గూడ చెప్పిన."

"నేనెక్కడికి పోతున్నానండీ? నా కుర్చీకేమైనా నిప్పంటుకుంటుందా?"

అతడు నవ్వి ఊరుకున్నాడు. అతడితో వచ్చిన చిక్కే అది. ఎంత గిల్లినా గొడవకు రాడు. గొడవ రాకపోతే నాలాంటివాడికి పొద్దుపోదు.

తిమోతిది మెదక్ జిల్లా నర్సాపూర్ దగ్గరి ఊరు. వాళ్ళ నాయన అక్కడి మిషన్ దవాఖానలో జీపు నడిపేవాడు. పురిటి నొప్పులు పడే ఆడవాళ్ళని, పాము కరిచినవాళ్ళని ఆ జీపులోనే తెచ్చేవారు. ఆ జీపు వెనక సీట్లో పెరిగిన మనిషి తిమోతి. కుర్రతనంలో బాలానగర్ వర్క్‌షాపుల్లో ఇంజన్లు విప్పి బిగించడం నేర్చుకున్నాడు, కొన్నాళ్ళు లారీ నడిపాడు, తర్వాత మా శాఖలో డ్రైవరుగా కుదిరాడు. చందానగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, జాకెట్లు కుట్టే భార్య కరుణమ్మ, ఒక్కతే కూతురు. ఆదివారం డ్యూటీ లేకపోతే చర్చి, ఉంటే స్టీరింగు. అంతకుమించి అతడికి కోరికలున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

స్టేషన్లో మిగతావాళ్ళమంతా హిందువులమే. ఫైర్‌మన్ ఎల్లేశం జనగామ వైపువాడు, మల్లన్న భక్తుడు, చెయ్యి నిప్పు, నోరు అంతకంటే నిప్పు. తిమోతి అని పిలవడం బరువనిపించి రెండో రోజు నుంచే "తిమ్మన్నా" అనేవాడు. ఒకసారి జాతర నుంచి తెచ్చిన పులిహోర అందరికీ పంచాడు. తిమోతి చేయి చాచలేదు.

"ఏందన్నా, నా చేతి బువ్వ తినవా?" ఎల్లేశం ముఖం ఎర్రబడింది.

"నీ చేతిది తింట. దేవునికి పెట్టింది నేను తీస్కోను, గంతే. ఈసారి పెట్టకముందుగాల నాకో గిన్నె తీసిపెట్టు. గిన్నెడు కాదు, రెండు గిన్నెలు తింట."

అప్పటి నుంచీ ఎల్లేశం ఇంట్లో పులిహోర కలిపిన ప్రతిసారీ నైవేద్యానికి ముందే ఒక స్టీలు గిన్నె పక్కకు వెళ్ళేది. "దేవునికన్న ముందుగాల మీ తిమ్మన్నకా?" అని అతడి భార్య నెత్తి కొట్టుకునేదట. ఎల్లేశం వినేవాడు కాదు. దీపావళికి మాకెవ్వరికీ సెలవుండదు, ఊరంతా టపాసులు కదా. ఆ సాయంత్రం తిమోతి ఒక్కొక్కరినీ గంటసేపు ఇంటికి పంపేవాడు, పూజ చేసుకుని రమ్మని. ఆ గంటలో వాళ్ళ పని కూడా తనే చూసేవాడు. క్రిస్మస్ నాడు మేము అతడిది చూసేవాళ్ళం, మధ్యాహ్నానికి కరుణమ్మ పంపిన బగారన్నం, కోడికూర తినేవాళ్ళం.

తిమోతి మాతో కలవనిది ఒక్క చోటే. అది ఆయుధపూజ.

మహర్నవమి నాడు మా బండికి పెళ్ళికూతురి అలంకారం. పసుపు, కుంకుమ, బంతిపూల దండలు, బంపరుకు అరటి పిలకలు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. హారతి అయ్యాక ఆ బండి డ్రైవరే బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టాలి. తర్వాత బండి ఎక్కి నిమ్మకాయలు తొక్కించాలి. ఇది ఏ రూల్స్ పుస్తకంలోనూ లేదు, అయినా తప్పిన స్టేషన్ లేదు. తిమోతి తెల్లవారుతూనే వచ్చి బండిని చక్రాల మేకులతో సహా కడిగి, తుడిచి, అద్దంలా చేసేవాడు. పూజ మొదలవగానే వెనక్కి జరిగి చేతులు కట్టుకుని నిలబడేవాడు. కాయ ఎల్లేశం కొట్టేవాడు, బండి కూడా అతడే నాలుగడుగులు నడిపేవాడు. ఎల్లేశం దగ్గరున్నది కారు లైసెన్సు. ఒక ఏడాది నిమ్మకాయలతో పాటు పూలకుండీలు కూడా తొక్కించాడు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఆ తర్వాత 2010 దసరా వచ్చింది. అప్పుడు జరిగింది చెబితే నా పరువు పోతుంది. అయినా చెబుతాను.

పండక్కి మూడు రోజుల ముందు తిమోతి ఒక కాగితం రాసిచ్చాడు: 'క్లచ్ జారుతున్నది. వర్క్‌షాపుకు పంపాలి.' దాని మీద ఆఫీసరు సంతకం చేయించి పంపాల్సింది నేను. నాకు ఆ సాయంత్రమే రేపల్లె రైలు. కాగితాన్ని డ్రాయర్లో నశ్యం డబ్బా కింద పెట్టి, వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. వచ్చాక మర్చిపోయాను. పండగైన వారానికి మణికొండలో రేకుల షెడ్లు అంటుకున్నాయని ఫోనొచ్చింది. బండి బయల్దేరింది, ఎత్తు ఎక్కుతుండగా క్లచ్ పోయి నడిరోడ్డు మీద ఆగింది. వేరే స్టేషన్ బండి వచ్చేసరికి సరోజమ్మ అనే ఆవిడ ఇస్త్రీ షెడ్డు, అందులో జనం బట్టలు, మొత్తం బూడిదయ్యాయి. ప్రాణం పోలేదు, అంతవరకే అదృష్టం. జనం తిడుతుంటే తిమోతి బండి ముందు చేతులు జోడించి నిలబడ్డాడట.

బండి ఎందుకాగిందని అప్పటి ఆఫీసరు అడిగాడు. "క్లచ్ పోయింది సార్" అన్నాడు తిమోతి. రిటైర్మెంటు దగ్గరపడ్డ ఆఫీసరు అంతకుమించి అడగలేదు. బయట ఎవరో, "డ్రైవరు పూజ చెయ్యని బండి ఆగక ఏం చేస్తది?" అన్నారు. నేనేం చేశానో తెలుసా? "అవునండీ, నాకూ అదే అనిపించింది" అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నా తప్పు తీసుకెళ్ళి నిమ్మకాయల మీద పెట్టాను. ఆ కాగితం మాత్రం చింపలేకపోయాను. చాలాసార్లు చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ డబ్బా కిందే పెట్టాను.

తిమోతి రెండు ఆదివారాలు చర్చి అయ్యాక ఎల్లేశాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి సరోజమ్మకు మళ్ళీ రేకులు కొట్టి ఇచ్చాడు. నా యూనిఫాం ఆవిడ దగ్గరే ఇస్త్రీ అవుతుంది. చొక్కా ఇచ్చినప్పుడల్లా "మీ డ్రైవర్ సారు మంచోడు" అనేది. చొక్కా తీసుకుని గబగబా వచ్చేసేవాణ్ణి.

ఆ చలికాలంలోనే ఒకరోజు ఎల్లేశం నాతో అన్నాడు. "సార్, తిమ్మన్న మొక్కేటప్పుడు పక్క సీట్ల కూసోని ఇన్న. మీ పేరు అందరికన్న ముందుగాల చెప్తున్నడు. నాది నాలుగోది!" అతడికి కాస్త ఉడుకుమోత్తనం. వయసుకిచ్చిన గౌరవం కాబోలు అనుకుని నేను మురిసిపోయాను.

రెండు వేల పదకొండు జూన్‌లో కొత్త స్టేషన్ ఆఫీసరు వచ్చాడు. వెంకటరమణ, కడప వైపువాడు, ముప్పై అయిదు దాటలేదు, మంచివాడు. తెలంగాణ ఉద్యమం వేడిగా ఉన్న రోజులు. ఎల్లేశం నన్ను చూసి, "మీరు పోయెటప్పుడు గా కుర్చీ ఇడిసిపెట్టి పోవాలె సార్" అనేవాడు. "కుర్చీ తీసుకోవయ్యా, మోకాలు కూడా తీసుకో" అనేవాణ్ణి. తిమోతి మధ్యలో దూరి, "తెలంగాణ రావాలె, సారు గూడ ఈడనే ఉండాలె" అని టీ గ్లాసులు అందించేవాడు. అలాంటి ఒక టీ పూట కొత్త ఆఫీసరుకు స్టేషన్ సంగతులు చెబుతూ నోరు జారాను. పోయినేడు బండి ఆగడం, డ్రైవరు పూజ చేయకపోవడం, మనవాళ్ళ భయం, అన్నీ చెప్పాను. కాగితం సంగతి తప్ప.

సెప్టెంబరు పదమూడున సకల జనుల సమ్మె మొదలైంది. బస్సుల్లేవు, బడుల్లేవు. బొగ్గు రాక కరెంటు కోతలు. ఐటీ కంపెనీలన్నీ జనరేటర్ల మీద నడుస్తున్నాయి. మాది అత్యవసర శాఖ గనుక మాకు సమ్మె లేదు. పండగ వారం ఉందనగా ఆఫీసరు తిమోతిని వాచ్‌రూమ్‌కి పిలిపించాడు.

"తిమోతన్నా, నాకేం పట్టింపుల్లేవప్పా. కానీ వీళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని నీ బండెక్కుతాండారు. వాళ్ళకు ధైర్యం కావల్ల. ఈసారి పూజ నువ్వే చెయ్. కాయ కొట్టు, నిమ్మకాయలు తొక్కించు. అయిదు నిమిషాల పని."

"బండి కడుగుమంటె మూడు సార్లు కడుగుత సార్. మొక్కుమంటె నాతోని కాదు."

"నమ్మకున్నా పర్లేదు. చేస్తే చాలు."

"నమ్మకుంట చేస్తె మీ దేవున్ని గూడ మోసం చేసినట్టె గద సార్."

ఆఫీసరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "అట్లయితే దసరా దాటినాక నువ్వు ఈ వాచ్‌రూమ్‌లో కూర్చోవల్ల. బండికి వేరే డ్రైవరును తెచ్చుకుంటా. నామీద కోపం పెట్టుకోవద్దు."

"కోపమెందుకు సార్. మీరు వాళ్ళ కోసమే చెప్తున్నరు" అని తిమోతి సెల్యూట్ కొట్టి వెళ్ళాడు. సీటంటే అతడికి ఉద్యోగం కాదు. నాయన జీపు నుంచి వచ్చిన జీవితమది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ గదిలో గుమ్మడికాయ మాట వచ్చినప్పుడల్లా నా చేయి డ్రాయరు మీదికి పోయేది. అంత నోరున్నవాణ్ణి, అప్పుడు మూగవాణ్ణయ్యాను.

బస్సుల్లేక చందానగర్ నుంచి నడిచొచ్చిన కరుణమ్మ ఒకరోజు అన్నం క్యారియరు తెచ్చింది. "ఏమంటాడమ్మా మీ ఆయన?" అని అడిగాను.

"ఏమంటడు సార్. నిద్రల గూడ గేరు మారుస్తుండు. నువ్వేది చేసినా నేను వండిపెడుత అని చెప్పిన" అంది.

మహర్నవమి వచ్చింది. తిమోతి తెల్లవారకముందే వచ్చి బండి కడిగాడు. ఆ రోజు మరీ ఎక్కువసేపు కడిగాడు, ఇక ఆ బండి తనది కాదన్నట్టు. పదింటికి దండలు వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సమ్మె వల్ల సగం మంది రాలేకపోయారు. హోంగార్డును ఫోను దగ్గర కూర్చోబెట్టి నేనూ బయటికొచ్చాను. ఎల్లేశం కుంకుమ రాసిన గుమ్మడికాయను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆఫీసరు కర్పూరం పళ్ళెంలో పెట్టి, "రా తిమోతన్నా" అన్నాడు.

తిమోతి భుజం మీద తడిగుడ్డ ఉంది. ఒకడుగు ముందుకు వేశాడు. "సార్, నేను..." అన్నాడు. అప్పుడు బెల్లు మోగింది.

మోగించింది ఏ దేవుడో ఎల్లేశం ఇప్పటికీ తేల్చలేదు. ఒక ఐటీ భవనం వెనక డీజిల్ జనరేటర్ అంటుకుంది. రోజుల తరబడి ఆపకుండా నడుపుతుంటే అంటుకోక ఏమవుతుంది? తిమోతి అప్పటికే సీట్లో ఉన్నాడు. ఆఫీసరు పక్కన ఎక్కాడు. మనుషులు చాలక, "సారథిగారూ, మీరూ ఎక్కండి!" అని అరిచాడు. మోకాలు మర్చిపోయి ఎక్కేశాను. బండి ఒక్క ఊపున కదిలింది. కింద నాలుగు నిమ్మకాయలూ నలిగాయి. తిమోతి వాటిని చూడను కూడా లేదు.

గేటు దాటాక వెనక నుంచి ఎల్లేశం గొంతు వినబడింది. "అయ్యో, కాయ!" తిరిగి చూస్తే గుమ్మడికాయ అతడి ఒళ్ళో ఉంది. కంగారులో దింపడం మర్చిపోయి దానితో సహా ఎక్కాడు. పగలని దిష్టికాయతో మంటల మీదికి పోతున్నామని అతడి ముఖం పాలిపోయింది.

రెండు మలుపులు తిరగ్గానే రోడ్డంతా జనం. వంటా వార్పూ కార్యక్రమం. రోడ్డు మధ్యలో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద ఉడుకుతున్న అన్నం గుండిగ, చుట్టూ జెండాలు. మా ముందు కార్లు ఇరుక్కుపోయి ఉన్నాయి. నా నోటి కోస్తా యాస నాకు గుర్తొచ్చి సీట్లో కిందికి జారాను.

"సార్, మీరు మాట్లాడకుండ్రి, దగ్గు గూడ దగ్గకుండ్రి" అని తిమోతి నావైపు చూసి కన్ను కొట్టాడు. అంత కష్టంలోనూ! సైరన్ ఆపి తల బయట పెట్టాడు. "అన్నా, జై తెలంగాణ. మంట పెద్దగున్నదంట. జర గుండిగ జరుపుండ్రి, అన్నం మాడకుండ మల్ల పెట్టుకుందురు."

నలుగురు తువ్వాళ్ళు చుట్టి ఉడుకుతున్న గుండిగను ఎత్తి పక్కన పెట్టారు. ఇంకొందరు కార్లను జరిపించారు. ఒకతను వెనక కిటికీలోకి తొంగిచూసి, "అన్నా, గా గుమ్మడికాయ ఇటియ్యి, సాంబార్ల ఏస్తం" అన్నాడు. "ముట్టకుండ్రి, గది దిష్టికాయ!" అని ఎల్లేశం దాన్ని పొట్టకు హత్తుకున్నాడు. రోడ్డంతా నవ్వింది. మేము ముందుకు కదిలాం.

డీజిల్ మంటను నీళ్ళతో ఆర్పితే నెత్తినేసుకున్నట్టే, నురగ కావాలి. ఆఫీసరూ ఎల్లేశమూ గొట్టం పట్టుకున్నారు. నేను వెనక చుట్టలు విప్పి అందించాను. తిమోతి పంపు దగ్గర నిలబడి, మీటరు మీద కళ్ళు తీయకుండా, వాళ్ళకి కావలసినంత ప్రెషర్ ఇస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా తగ్గలేదు. నలభై నిమిషాల్లో మంట ఆరింది. ఎవరికీ చిన్న బొబ్బ కూడా లేదు. తిరిగొస్తుంటే ఆ జనమే బండి ఆపి ఆకుల్లో అన్నం, పప్పు పెట్టారు. నేను మాట్లాడకుండా రెండుసార్లు వడ్డించుకున్నాను. అంత రుచైన పప్పు ఈ మధ్య తినలేదు.

స్టేషన్‌కి రాగానే ఆఫీసరు నలిగిన నిమ్మకాయల దగ్గర ఆగాడు. మసి పట్టిన ముఖంలో నవ్వు. "చూడు తిమోతన్నా, తొక్కింది నువ్వే. మంట ఆరింది, అందరం బాగా వచ్చినాం. పూజ నువ్వు చేసినట్టే లెక్క. ఎవరడిగినా నేను అదే చెప్తా. ఇంక ఈ పంచాయితీ వద్దు. నీ సీటు నీదే."

ఎల్లేశం ఎగిరి గంతేశాడు. నాకు గుండెల మీది బండ దిగినట్టయింది. ఇక కాగితం సంగతి ఎవరికీ అక్కర్లేదు కదా!

తిమోతి మాత్రం తడిగుడ్డ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. "సార్, మీ మంచితనం. కానీ గట్ల చెప్పకుండ్రి. బండి తొక్కింది, నేను మొక్కలె. కాయల మీదికెల్లి పోయిన్నని గూడ నాకు యాదిలేదు. రేపు వీళ్ళు తిమ్మన్న పూజ చేసిండన్న ధైర్యంతోని బండెక్కుతరు. గది అబద్ధం. అబద్ధం మీద కూసోని బండి నడపలేను సార్. సోమవారం నుంచి వాచ్‌రూమ్ల కూసుంట."

ఆఫీసరు ముఖం మాడిపోయింది. "నీకు సీటిస్తాంటే వద్దంటావేమప్పా!" అన్నాడు.

ఒక్క అబద్ధం, అదీ తను ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు. అలా ఊరుకోలేక ఒక మనిషి తన జీవితాన్ని వదిలేస్తున్నాడు. ఏడాదిగా ఊరుకున్నవాణ్ణి నేను పక్కనే నిలబడి ఉన్నాను. అంత సిగ్గు నేను ఎన్నడూ పడలేదు. కుంటుకుంటూ వాచ్‌రూమ్‌లోకి వెళ్ళి, నశ్యం డబ్బా కింది కాగితం తెచ్చి ఆఫీసరు చేతిలో పెట్టాను.

"ఇది యాడిది?"

"నా డ్రాయర్లోదండి. పోయినేడు దసరాకి ముందే ఆయన రాసిచ్చారు. నేను పంపలేదు. బండి ఆగింది నిమ్మకాయల వల్ల కాదండి, నావల్ల."

ఆఫీసరు చదివాడు, తేదీ చూశాడు, మళ్ళీ చదివాడు. ఎల్లేశం లాక్కుని చూసి నా చొక్కా పట్టుకున్నాడు. "ఏడాది సంది మా తిమ్మన్న మీద నింద ఏసుకుంట కుర్చీల కూసున్నవా సారూ!"

తిమోతి వచ్చి అతడి చేయి విడిపించాడు. "ఇడువు ఎల్లేశం. నాకు ఎరుకే."

"ఏమెరుకండీ?" అన్నాను.

"నశ్యం డబ్బా ఇయ్యుమన్నరు గద సార్, గా మంటలైన మూడో రోజు. కాయితం దాని కిందనే ఉండె."

"మరి అప్పుడే చెప్పలేదేం? ఈ సీటు గొడవే వచ్చేది కాదు కదండీ!"

"ఎవ్వలన్న అడిగితె చెప్పెటోన్ని. అడగలె. మీరు చింపలె గద సార్. చింపెటోడైతె గప్పుడే చింపుతుండె. ఈయన చెప్తడు, జర ఆలస్యమైతది, గంతే అనుకున్న."

అప్పుడు తట్టింది నాకు, ప్రార్థనలో నా పేరు ముందెందుకు వచ్చిందో. వయసుకిచ్చిన గౌరవమని మురిసిపోయానే! మంటల్లోకి దూకేవాళ్ళకంటే ముందు, కుర్చీలో కూర్చున్న నాకోసం ప్రతి పొద్దునా అతడు స్టీరింగు మీద తల వంచాడు. యాభై రెండేళ్ళ వాణ్ణి, యూనిఫాంలో, అందరి ముందూ ఏడ్చాను.

ఆఫీసరు నాకు మెమో ఇచ్చాడు. ఏడాది ఇంక్రిమెంటు ఆగింది, ఆగాల్సిందే. తిమోతితో, "బండి నీదే అన్నా. ధైర్యం సంగతి నేను వీళ్ళకు చెప్పుకుంటా" అన్నాడు. ఎల్లేశం ఒళ్ళో తిరిగొచ్చిన గుమ్మడికాయను ఆఫీసరే అందుకుని కొట్టాడు. మొదటి దెబ్బకి అది పగల్లేదు. రెండో దెబ్బకి ముక్కలు ఆయన బూట్ల మీదే పడ్డాయి. తిమోతి గొట్టం తెచ్చి నేల కడిగాడు.

ఆ సాయంత్రం సరోజమ్మ దగ్గరికి వెళ్ళి ఆమెకూ చెప్పాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చాలాసేపు తిట్టింది. తర్వాత, "చొక్కా అయితే రేపియ్యి" అంది.

మర్నాడు పొద్దున తిమోతి స్టీరింగు మీది నుంచి తల ఎత్తేదాకా బండి పక్కన నిలబడ్డాను. "తిమోతీ, ఇక నా పేరు కిందికి దించొచ్చండీ" అన్నాను.

"దించిన సార్. ఇయ్యాల మీది రెండోది."

"మొదటిది ఎవరిది?"

"ఎల్లేశంది. వానికి మీ మీద కోపం ఇంకా పోలే."

ఎల్లేశం కోపం పోవడానికి పదకొండు రోజులు పట్టింది. రోజూ పొద్దున బండి దగ్గరికి వెళ్ళి, నా పేరు ఎన్నోదని అడిగేవాణ్ణి. రెండోదే అనేవాడు తిమోతి. పన్నెండో రోజు నేను అడగడానికి లేవబోతుంటే ఎల్లేశం వచ్చి, పులిహోర గిన్నె ఒకటి నా రిజిస్టరు మీద పెట్టి, "దేవునికన్న ముందుగాల తీసింది" అని వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే తిమోతి బండి కింద దూరి క్లచ్ చూస్తున్నాడు. గిన్నె పట్టుకుని అక్కడికి వెళ్ళి, ముందు అతడికి పెట్టాను.